డ్రమ్ము, స్టాప్‌వాచ్, ఎంటెక్

మొన్న జూన్‌లో మా నల్లగొండ జిల్లా కొండమల్లేపల్లి దిక్కు నుంచి ఒక పిల్లగాడు ఫోన్ చేశాడు. నాకు వరసకు తమ్ముడవుతాడు. బీటెక్ మెకానికల్ పూర్తయింది, ఎంటెక్ సీట్ల కోసం రాష్ట్రం పెట్టే పీజీఈసెట్‌లో ర్యాంకు వచ్చింది. "అన్నా, ఎంటెక్ చేయాల్నా? అందరూ వేస్ట్ అంటున్నరు. హైదరాబాద్‌ల రూం తీస్కొని పైథాన్ నేర్చుకోమంటున్నరు" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఆ రోజు నేనొక మిల్లులో పనిలో ఉన్నాను. తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. సాయంత్రం తిరిగి చేద్దామనుకుంటే ఏం చెప్పాలో మాట కుదరలేదు. రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదిది. ఏటా ఇదే ప్రశ్నతో నలుగురైదుగురు ఫోన్ చేస్తారు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెకానికల్‌లో ఎంటెక్ చేయదగిన చదువే. అయితే ఆ రెండేళ్లలో ఒక్క నిజమైన యంత్రాన్నయినా సొంత చేతులతో కొలవాలి. ఆ ఉద్దేశం లేనివాళ్లు సీటు తీసుకోకపోవడమే మంచిది. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే మా నాయిన దుకాణం దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయినది దేవరకొండలో మోటర్ వైండింగ్ దుకాణం. ఎండాకాలం వచ్చిందంటే అరుగు మీద బోరు మోటర్లు వరసగా పడి ఉండేవి. బోరులోకి దించే సబ్‌మర్సిబుల్ మోటర్‌లో నీళ్లు నింపి ఉంటాయి, లోపలి రాగితీగకు ప్లాస్టిక్ పొర ఉంటుంది. మామూలు మోటర్లలోని వార్నిష్ వైరు ఓర్చుకున్నంత వేడికి అది ఓర్వదు. కాలిన మోటర్ విప్పితే కరిగిపోయిన ఆ పొర వాసన వచ్చేది. నా చిన్నతనమంతా ఆ వాసనే. రైతు అరుగు మీద కూర్చుని "ఎందుకు గాలింది?" అని అడిగేవాడు. నాయిన "ఫేజు పోయింది" అనో, "వోల్టేజీ లేదు" అనో చెప్పేవాడు. రైతు తలూపి, డబ్బులు ఎట్లా సర్దాలా అని ఆలోచనలో పడేవాడు. ఎన్ని వందలసార్లు విన్నానో ఆ రెండు జవాబులు. అవి తప్పు కాదు. కానీ నిజమో కాదో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చూడాలంటే మోటర్ కాలకముందే బోరు దగ్గరికి వెళ్లాలి. మోటర్ తిరుగుతున్నప్పుడు బోరు దగ్గరికి ఎవరు వెళ్తారు?

బీటెక్‌లో హైడ్రాలిక్ మెషినరీ ల్యాబ్ అని ఒకటి ఉండేది. మా కాలేజీలో సెంట్రిఫ్యూగల్ పంపును పరీక్షించే రిగ్ ఉంది గానీ మేం చదివిన నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తిరగలేదు. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు రాసుకున్నాం. ఎఫిషియెన్సీ, అంటే లోపలికి వెళ్లిన శక్తిలో పనికి వచ్చేది, 62 శాతం అని రాశాను. ఆ 62 ఎవరు ఎప్పుడు కొలిచారో నాకు తెలియదు, నాకు ఇచ్చిన సీనియర్‌కూ తెలియదు. పంపులు బాగుచేసేవాడి కొడుకును నేను. ఆ ఒక్క అంకె రాసినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఎంటెక్ సీటుకు దేశమంతటా రాసే గేట్ పరీక్ష మొదటిసారి పోయింది. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. లెక్కలు, మెకానిక్స్, థర్మల్, ప్రొడక్షన్ అన్నీ ఒకేచోట ఎదురవుతాయి. రెండోసారి ఊళ్లోనే ఉండి, పొద్దున నాయిన దుకాణంలో పనిచేసి, మధ్యాహ్నం నుంచి చదివాను. ఈసారి స్కోరు వచ్చింది, హైదరాబాద్‌లో థర్మల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. గేట్‌తో చేరితే నెలకు 12,400 రూపాయల స్టయిపెండ్, 24 నెలలు. కలిపితే 2,97,600. డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తున్నాను, గేట్ కోసం ఇంకో ఏడాది చదవాలా అని అడిగేవాళ్లు ఈ లెక్క వేసుకోండి. మా ఇంట్లో ఆ డబ్బే లేకపోతే నేను చదివేవాణ్నే కాదు.

మొదటి ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అడ్వాన్స్‌డ్ ఫ్లూయిడ్ మెకానిక్స్, ఫైనైట్ ఎలిమెంట్, నీళ్లూ గాలీ కదిలే తీరును కంప్యూటర్‌లో లెక్కకట్టే సీఎఫ్‌డీ, పరీక్షలు. బీటెక్‌లో సూత్రాలుగా బట్టీపట్టినవి ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు అర్థమయింది. అసలు సంగతి రెండో ఏడాదిలో ఉంది. నాలుగు సెమిస్టర్లలో చివరి రెండూ దాదాపుగా ప్రాజెక్టుకే వదిలేస్తారు. ఒక మనిషికి ఏడాది కాలం ఇచ్చి, ఒక్క విషయం పట్టుకుని లోతుకు వెళ్లమని చెప్పే వెసులుబాటు ఉద్యోగంలో ఎక్కడా దొరకదు. ఎంటెక్ విలువంతా ఆ ఏడాదిలోనే ఉందని నా నమ్మకం. మనవాళ్లలో చాలామంది ఆ ఏడాది పనినే డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

కొనుక్కోవడం అంటే ఏమిటో చదివినవాళ్లందరికీ తెలుసు. అమీర్‌పేట దిక్కు ప్రాజెక్టు సెంటర్లుంటాయి. టాపిక్ చెప్పి డబ్బులు కడితే సాఫ్ట్‌వేర్‌లో చేసిన బొమ్మలు, రిపోర్టు, పీపీటీ అన్నీ చేతికిస్తారు. రేడియేటర్‌లో నానోఫ్లూయిడ్, పిస్టన్ మీద స్ట్రెస్, ఫిన్ల ఆకారం మార్చి వేడి ఎంత పోతుందో చూడడం, ఏటా ఇవే. పేర్లు మారుతాయి, బొమ్మల్లో ఎరుపు, నీలం మారవు. మా బ్యాచ్‌లో కొందరు అక్కడికే వెళ్లారు. వాళ్లను తిట్టాలని లేదు. కొందరికి ఇంటి దగ్గర అప్పులు, కొందరు అప్పటికే పార్ట్‌టైం పనిలో ఉన్నారు. నా బాధంతా ఆ రిపోర్టులు చూసి మార్కులు వేసిన పద్ధతి మీద.

మా గైడ్ కూడా మొదట హీట్ ఎక్స్‌చేంజర్ సిమ్యులేషన్ చేయమన్నారు. "నెల రోజుల్లో అయిపోతది, పేపర్ కూడా వేసుకోవచ్చు" అన్నారు. నేను బోరు మోటర్లు కొలుస్తానన్నాను. ఆయన చాలాసేపు నా ముఖం చూసి, "పరికరాలకు డిపార్ట్‌మెంట్‌లో డబ్బుల్లేవు మరి" అన్నారు. వద్దని మాత్రం అనలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

పరికరాలు ఏమిటంటారా? 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. ఫోన్‌లో స్టాప్‌వాచ్. నాయిన దగ్గరున్న క్లాంప్ మీటర్. దానితో కరెంటు ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది గానీ ఎన్ని కిలోవాట్లో తెలియదు. మనదగ్గర వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు ఉండవు కదా. అందుకని పవర్ కొలిచే మీటర్ ఒకటి, ఒక సీనియర్ పనిచేసేచోట బతిమాలి శని, ఆదివారాలకు తెచ్చుకునేవాణ్ని. ఇక బోరులో నీటిమట్టం. దానికి వంద మీటర్ల రెండు తీగల వైరు కొన్నాను. చివర రెండు తీగలనూ కొంచెం ఒలిచి, చిన్న బరువు కట్టి, కేసింగ్ పక్క సందులోంచి దించుతాం. నీళ్లు తగలగానే పైన మల్టీమీటర్ కూత పెడుతుంది. వైరు మీద మీటరుకొక గుర్తు వేసుకుంటే అదే మన కొలబద్ద. పైపుకు, కేబుల్‌కు చుట్టుకోకుండా దించడం మాత్రం చెయ్యి తిరగాలి. రెండు వైర్లు బోర్లలోనే పోగొట్టాను.

మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి మండలాల్లో తిరిగాను. బత్తాయి తోటలు, పత్తి చేలు, చలక భూములు. నాయినకు తెలిసిన రైతులే అందరూ. ఒక పెద్దాయన డ్రమ్ము చూసి, "గిదేం సదువు బిడ్డా, నీళ్లు డ్రమ్ముల పోసుడా?" అన్నాడు. కొలిచి లెక్క చెప్పాక మాత్రం ఆయనే పక్క చెలక రైతును పిలిచి, "వీని బోరు గూడ జూడు, నాకంటె ఎక్కువ పోస్తదంటడు" అన్నాడు. ఆ తర్వాత నాకు బోర్ల కోసం వెతుక్కునే పని లేకపోయింది.

మొదటి మూడు వారాల రీడింగులు మొత్తం వృథా అయ్యాయి. తప్పు నాదే. పొద్దున్నే వెళ్లి, మోటర్ వేయకముందు నీటిమట్టం చూసి రాసుకుని, తర్వాత మోటర్ వేసి నీళ్లు కొలిచేవాణ్ని. మనది రాతి నేల. బోరు నడుస్తుంటే మట్టం పదుల అడుగులు దిగిపోతుంది. మోటర్ ఎంత ఎత్తు నుంచి నీళ్లు తోడుతోందో చెప్పేది నడుస్తున్నప్పటి మట్టం. ఒక బోరు దగ్గర అనుమానం వచ్చి గంట నడిచాక మళ్లీ వైరు దించితే, పొద్దున 100 అడుగుల దగ్గర కూత పెట్టింది 180 దాకా పెట్టలేదు. ఆ రాత్రి పాత రీడింగులన్నీ అడ్డంగా కొట్టేశాను. ఏ ప్రాజెక్టు సెంటరూ ఈ తప్పు చేయదు, ఎందుకంటే వాళ్లు బోరు దగ్గరికే వెళ్లరు. నేను నేర్చుకున్న ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో సగం ఆ తప్పు దగ్గరే ఒంటబట్టింది.

ఆ బోరు లెక్కే చెప్తాను. 5 హెచ్‌పీ మోటర్. నడుస్తున్నప్పుడు నీటిమట్టం 55 మీటర్లు. పైన ట్యాంకు ఎత్తు, పైపులో రాపిడి కలిపి 60 మీటర్లు అనుకుందాం. డ్రమ్ము నిండడానికి 110 సెకన్లు, అంటే సెకనుకు 1.82 లీటర్లు. అన్ని లీటర్లను 60 మీటర్లు పైకి తేవడానికి నిజంగా కావలసిన శక్తి 1.07 కిలోవాట్లు. మోటర్ తీసుకుంటున్నది 4.1 కిలోవాట్లు. నాలుగు పాళ్లు కరెంటు లోపలికి వెళ్తే ఒక పాలు మాత్రమే నీటికి అందుతోంది. లోతుకు, నీటికి సరిపోయేలా ఎంచుకున్న మంచి పంపుసెట్ అయితే 40 శాతం పైనే రావాలి. మిగిలినదంతా వేడిగా మారి ఆ మోటర్ చుట్టూ ఉన్న నీళ్లలోకే పోతోంది.

ఎందుకలా? రైతు ఒప్పుకున్నాక పంపు పైకి తీయించి, నాయినా నేనూ స్టేజీలు విప్పాం. స్టేజీ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పంపు అర, ఒక్కోదానిలో నీళ్లను తోసే ఇంపెల్లర్ చక్రం ఉంటుంది. ఇసుక రాసుకుని రాసుకుని ఇంపెల్లర్ అంచులు అరిగిపోయి సందు పెరిగింది. ఒక స్టేజీ పైకి తోసిన నీళ్లు అదే సందులోంచి మళ్లీ కిందికి జారుతున్నాయి. పైగా ఆ పంపు కొన్నప్పుడు నీళ్లు పైన ఉన్నాయి. తర్వాత నీళ్లు దిగినకొద్దీ రైతు పైపులు కలిపి మోటర్‌ను కిందికి దించాడు గానీ, పంపు మాత్రం పాత ఎత్తుకు చేసిందే. వోల్టేజీ సంగతి సరేసరి. 415 ఉండాల్సినచోట 330 వచ్చిందనుకోండి, అదే పనికి మోటర్ నాలుగో వంతు కరెంటు ఎక్కువ లాగాలి. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. నాయిన చెప్పే "వోల్టేజీ లేదు"కు లెక్క ఇదీ.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. నాయిన ఎప్పుడూ ఒక మాట అనేవాడు, "ఎండకాలం గాలుతయంటే సరే, మంచిగ వానలు పడ్డంక గూడ మోటర్లెందుకొస్తయో సమజ్ గాదు" అని. ఆగస్టులో అవే బోర్లు మళ్లీ కొలిచాను. మట్టం పైకి వచ్చింది, నీళ్లు ధారగా పోస్తున్నాయి, రైతులు సంతోషంగా ఉన్నారు. క్లాంప్ మీటర్ మాత్రం మోటర్ ప్లేటు మీద రాసినదానికంటే ఎక్కువ చూపిస్తోంది. 200 అడుగుల కోసం చేసిన పంపు 60 అడుగుల నుంచే తోడాల్సి వస్తే నీళ్లు చాలా ఎక్కువ పోస్తుంది, నీళ్లు పెరిగినకొద్దీ ఈ రకం పంపు అడిగే శక్తీ పెరుగుతుంది. మోటర్ మీద మోయలేనంత బరువు పడుతుంది. చేయాల్సిందల్లా గేట్ వాల్వ్ కొంచెం తిప్పి నీళ్లు తగ్గించడమే. వాల్వ్ మూస్తే మోటర్ మీద బరువు పడుతుందని రైతులు భయపడతారు. నిజానికి తగ్గుతుంది. మీటర్ పెట్టి, వాల్వ్ తిప్పి, అంకె పడిపోవడం చూపించాను. నాయిన ఆ మీటర్ వంక చూసిన చూపు నాకు డిగ్రీ పట్టా కంటే ఎక్కువ. నలభై ఏళ్లుగా ఆయన్ను వేధిస్తున్న ప్రశ్నకు జవాబు ఒక పాఠ్యపుస్తకం గ్రాఫులో ఉంది. ఆ గ్రాఫు నేను బీటెక్‌లో రెండు మార్కులకు గీశాను కూడా.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. వాటిని తీసేయమని అధికారులు ఊరూరా చెప్పారు. అయినా చాలాచోట్ల ఇంకా ఉన్నాయి, బోరులో నీళ్లున్నా లేకున్నా మోటర్ దానంతటదే మొదలవుతుంది. రాష్ట్రంలో వ్యవసాయ పంపుసెట్లు 25 లక్షల పైనే. ఎన్ని కాలేజీల్లో ఎన్ని మెకానికల్ డిపార్ట్‌మెంట్లున్నాయో చూడండి, ఒక్కో డిపార్ట్‌మెంట్ ఏటా ఒక్క మండలం కొలిచినా మన దగ్గర ఎంత సమాచారం ఉండేది! ఆ సమాచారం ఉంటే ఏ బోరుకు ఎన్ని స్టేజీల పంపు కావాలో దుకాణంలోనే చెప్పేయొచ్చు. ఇప్పుడు రైతు పక్కవాడు ఏది కొంటే అదే కొంటున్నాడు.

సిమ్యులేషన్ వద్దని నేను అనడం లేదు. నేనూ చేశాను. ఇంపెల్లర్ గీసి సీఎఫ్‌డీ నడిపితే వచ్చిన జవాబు కంపెనీ కేటలాగ్‌తో చక్కగా కలిసింది. బోరుతో కలవలేదు. బోరులో ఉన్నది కేటలాగ్‌లోని ఇంపెల్లర్ కాదు, మూడేళ్లు ఇసుక తిన్నది. అరిగిన అంచుల సందును కాలిపర్‌తో కొలిచి మళ్లీ గీసి నడిపాక గానీ దగ్గరికి రాలేదు. నేను కొలవకుండా కూర్చుని ఉంటే ఆ మొదటి జవాబే రిపోర్టులో పెట్టేవాణ్ని, అది అందంగానే ఉండేది, ఎవరూ ప్రశ్నించేవాళ్లు కాదు. వైవాకు వచ్చిన ఎగ్జామినర్ నా రీడింగుల పట్టికలు గబగబా తిప్పేసి "కాంటూర్లు ఎక్కడున్నయి?" అని అడిగారు. కాంటూర్లంటే సాఫ్ట్‌వేర్ గీసే ఆ ఎరుపు, నీలం బొమ్మలే. చివరి అధ్యాయంలో ఉన్నాయని చూపించాను. అక్కడ ఆగి రెండు ప్రశ్నలడిగారు. డ్రమ్ము గురించి ఒక్కటీ అడగలేదు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. పరీక్షించేవాళ్లు బొమ్మలే అడిగితే పిల్లలు బొమ్మలే తెస్తారు.

"చదివి ఏం సంపాదించావు?" అనే ప్రశ్నకు కూడా దాచకుండా చెప్తాను. నా మొదటి జీతం 22 వేలు. అదే ఏడాది సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన నా బీటెక్ క్లాస్‌మేట్ దానికి మూడు రెట్లు తీసుకున్నాడు. ఇప్పటికీ నా కంటే ఎక్కువే తీసుకుంటాడు. మెకానికల్‌లో అంత వస్తుందని ఎవరికైనా చెప్తే అది మోసం. ఇంట్లో అప్పు గొంతుమీద కూర్చుని ఉంటే ముందు అప్పు తీర్చే దారి చూసుకోండి, తప్పేమీ లేదు. బీటెక్ తర్వాత ఏం చేయాలో తోచక రెండేళ్లు గడపడానికి చేరేవాళ్లకూ, లెక్చరర్ ఉద్యోగానికి ఎంటెక్ ఉండాలి కాబట్టి చేరేవాళ్లకూ కూడా వద్దనే చెప్తాను. కాలేజీల్లో మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సీట్లు పెంచుకుంటున్న కాలంలో ఆ ఉద్యోగాన్ని నమ్ముకోవడం కష్టం.

కానీ నా ఉద్యోగం నాకు వచ్చింది ఆ డ్రమ్ము వల్లే. ఎనర్జీ ఆడిట్, అంటే కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నాయో కొలిచే పని, చేసే ఒక చిన్న సంస్థ ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు అడిగారు. నేను మూడు వారాల రీడింగులు కొట్టేసిన సంగతి చెప్పాను. అక్కడే తీసుకున్నారు. ఇప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, కృష్ణ ఒడ్డున ఉన్న సిమెంట్ ఫ్యాక్టరీల్లో తిరుగుతాను. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక మండించి ఆవిరి చేస్తారు. ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే కాబట్టి అది ఊరికే వచ్చినట్టు అనిపిస్తుంది, ఎంత కాలుస్తున్నారో ఎవరూ చూసుకోరు. ఇప్పుడు ఊకకూ ధర ఉంది. చిమ్నీలోంచి పోయే పొగ వేడి 22 డిగ్రీలు తగ్గిస్తే బాయిలర్ ఎఫిషియెన్సీ ఒక శాతం పెరుగుతుందని మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. చిమ్నీలో థర్మామీటర్ పెట్టి అంకె చూపించగానే యజమాని కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. బాయిలర్ మండించే ఫైర్‌మన్ మాత్రం పొగ రంగు చూసి ముందే చెప్పేస్తాడు. నేను వెళ్లిన ప్రతిచోటా మొదట ఆయన దగ్గరే కూర్చుంటాను.

మనదగ్గర యంత్రాలు లేవనే మాట నాకు నచ్చదు. పుట్టంగండిలో ఒక్కోటి 18 మెగావాట్ల పంపులు నాలుగున్నాయి. సాగర్ నీళ్లు అక్కంపల్లి జలాశయానికి ఎత్తేది అవే, హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లూ అక్కడి నుంచే వెళ్తాయి. అందులో ఒక్క పంపు ఎఫిషియెన్సీ ఒక్క శాతం పడిపోతే పోయేది 180 కిలోవాట్లు, మన 5 హెచ్‌పీ మోటర్లు 48 నడిపేంత. సాగర్ డ్యాం దగ్గర ఒక్కోటి 100.8 మెగావాట్ల యంత్రాలు ఏడు, నీళ్లు కిందికి వచ్చేటప్పుడు కరెంటు తీస్తాయి, తిరగేస్తే నీళ్లను వెనక్కి ఎత్తుతాయి. పాలమూరు దిక్కు వెళ్తే పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు ఒక్కోటి 145 మెగావాట్ల పంపులు. వలసకు పేరుపడ్డ జిల్లాలో ఇంత పెద్ద యంత్రాలు దిగాయి. వాటిని చదివే పిల్లలు ఆ జిల్లాలోంచే రావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

దేవరకొండకు దగ్గరలోనే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం తవ్వుతున్నారు, దాదాపు 44 కిలోమీటర్లు. ఒక టన్నెల్ బోరింగ్ మిషన్ దోమలపెంట వైపు, ఇంకొకటి మా చందంపేట మండలంలోని మన్నెవారిపల్లి వైపు పెట్టారు. అటువంటి యంత్రం ఏళ్ల తరబడి మా గడప దగ్గర ఉంటే మా కాలేజీ నుంచి ఒక్క బ్యాచ్‌నూ తీసుకెళ్లి చూపించలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, పంజాబ్ నుంచి, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. నల్లగొండ ఫ్లోరైడ్ నేలకు కృష్ణా నీళ్లు తేవడానికి వచ్చినవాళ్లు. వారాల తరబడి ఆ వార్తలు చూస్తూ ఇంట్లో ఎవరమూ సరిగా మాట్లాడుకోలేదు. ఆ పని మీద చెమటే కాదు, ప్రాణం కూడా బయటివాళ్లదే పోయింది. ఆ యంత్రం గురించి నాలుగు ముక్కలు చెప్పగలిగిన ఇంజినీరు మా మండలంలో లేడు.

ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతటా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. దాన్ని తయారు చేసింది నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ. వాళ్లు మన బాధను పట్టించుకుని చేసిన మంచి పని అది, అందులో సందేహం లేదు. జబ్బు మనది, పేరు మనది, కొలిచి మందు కనిపెట్టిన చెయ్యి మాత్రం వేరే ఊరిది అని తలచుకున్నప్పుడల్లా నాకు మా ల్యాబ్‌లో తిరగని ఆ రిగ్ గుర్తొస్తుంది.

దీనికి ఎదురు వాదన ఒకటి తెచ్చేవాళ్లున్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ వేసుకోవాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి, ఆ పని యంత్రం చేసేలా 1999కల్లా సాధించారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బడి మధ్యలోనే మానేశారు, మరి ఎంటెక్ ఎందుకు అంటారు. నేను దాన్ని వేరేగా చూస్తాను. ఒక చెయ్యి కదలికను గమనించి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో విడదీసి, మళ్లీ యంత్రంలో పెట్టడం అంటే థియరీ ఆఫ్ మెషిన్స్ అసలు పాఠమే. ఆయన దాన్ని చేతిలో డబ్బు లేకుండా, ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించారు. అదే పాఠం వేలమందిమి క్లాసుల్లో విన్నాం. మాలో ఒక్కరైనా వెళ్లి ఆ మగ్గం పక్కన కూర్చుని ఉంటే ఆయన పడ్డ ఆ కష్టంలో కొన్నేళ్లు తగ్గేవి. చదువు అక్కర్లేదని ఆయన కథ చెప్పడం లేదు. చదివినవాళ్లం ఎక్కడ కూర్చోలేదో చెబుతోంది.

తమ్ముడికి చివరికి ఫోన్ చేశాను. ఎంటెక్ చేయమని గానీ వద్దని గానీ చెప్పలేదు. "కౌన్సెలింగ్‌కు ఇంకా టైముంది కదా, మీ బోరు దగ్గరికి పో. డ్రమ్ము పెట్టు. ఎన్ని సెకన్లల్ల నిండుతదో చూసి చెప్పు" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. సరే అన్నా అని పెట్టేశాడు. నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు, ఇట్లా చెప్పినవాళ్లలో చాలామంది మళ్లీ ఫోన్ చేయరు.

మూడో రోజు సాయంత్రం చేశాడు. "అన్నా, మూడుసార్లు పెట్టిన. 132, 135, 141 సెకన్లు. ప్రతిసారీ ఎందుకు పెరుగుతుంది?" అన్నాడు. మట్టం దిగుతున్నట్టుంది, కొలిచి చూడాలన్నాను. "గంత లోతు ఎట్ల కొలవాలె?" అన్నాడు. వైరు నా దగ్గర ఉంది, ఆదివారం పొద్దున్నే వస్తానని చెప్పాను.